తుంగభద్రలో రాతి స్తంభాలు, రేవులో జనం

హంపీ విఠలాలయానికి సమీపంలో తుంగభద్ర మధ్య వరుసగా నిలబడి ఉన్న రాతి స్తంభాలు విజయనగర కాలపు వంతెన శిథిలాలు. పైన పరచిన బండలు ఏనాడో పోయినవి. హోస్పేట వద్ద డ్యాం గేట్లు ఎత్తినప్పుడల్లా ఈ స్తంభాలు, పక్కనున్న పురందర మంటపం నీట మునిగి, వరద తీసిన పిదప మళ్లీ బయటపడుతుంటాయి.

ఈ శిథిలాలకు రక్షణ ఉన్నది. అయితే వంతెన లేక అవస్థపడిన ఆవలి ఒడ్డు ఆనెగొంది గ్రామస్థుల మాట ఏమిటన్నది తేలడానికి మాత్రం ఏళ్లు పట్టింది. పంట అమ్ముకోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా వారికి పుట్టియే గతి. ఈ ఇబ్బంది కల్పితం కాదు.

హంపీ 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ తరువాత రక్షిత ప్రాంతంలోనే తీగలపై వేలాడే రెండు వంతెనల పని మొదలుపెట్టారు. ఒకటి ఆనెగొందికి వాహనాల కోసం, మరొకటి విరూపాపుర గడ్డకు కాలినడకన పోయేవారి కోసం. రెండవదాని కోసం ఒక పాత మంటపాన్ని విప్పి వేరేచోటికి తరలించడం కూడా జరిగింది! 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉండగానే ఇదంతా సాగింది. ఫలితంగా 1999లో యునెస్కో హంపీని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది. 2006లో గాని ఆ పేరు తొలగలేదు.

కాలినడక వంతెనను తీసివేశారు. ఆనెగొంది వంతెన పని ఏళ్ల తరబడి ఆగి, తిరిగి ఆరంభమై, 2009 జనవరి 22న నిర్మాణంలో ఉండగానే కుప్పకూలింది. కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

వంతెన కోరడం గ్రామస్థుల తప్పు కాదు, అడ్డుచెప్పడం పురావస్తు శాఖ తప్పూ కాదు. స్థలం ముందు నిర్ణయించి, స్తంభాలు లేపిన పిదప అభ్యంతరాలు వినడమే అసలు పొరపాటు. కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణాలు నిషేధమని, మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి అని 2010లో చట్టాన్ని సవరించారు. ఈ గీతలు ముందే గీసి ఉంటే రేవుకు వేరే చోటు వెతికేవారు.

తరువాత బుక్కసాగరం, కడెబాగిలు మధ్య వంతెన వచ్చింది. వాహనాలకు అది మేలే. నేరుగా ఏరు దాటదలచిన ఆనెగొందివారు మాత్రం తళవారిఘట్ట రేవులో పడవ కోసం నిలబడవలసినదే. వరద పెరిగితే అదీ ఆగిపోతుంది.