కిటికీకి ఎన్ని చీరలు?

నల్లగండ్లలో కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చాక ఇంట్లోకి మనుషులు ఒక వరసలో దిగుతారు. ముందు దోమల మెష్ అతను, తర్వాత మాడ్యులర్ కిచెన్ వాళ్లు, ఆ వెనక ఫాల్స్ సీలింగ్ వాళ్లు. అందరూ అయ్యాక, గృహప్రవేశం ముహూర్తం నెత్తి మీదికి వచ్చాక, కర్టెన్ల అతను. అప్పటికి డబ్బూ అయిపోయి ఉంటుంది, ఓపికా అయిపోయి ఉంటుంది. అతను టేపు పట్టి కిటికీలు కొలిచి, ఇటుకల్లా బరువున్న శాంపిల్ పుస్తకాలు తెరుస్తాడు. జకార్డ్, షెనిల్, వెల్వెట్, బ్లాకౌట్, షీర్. రంగులు బూడిదతో మొదలై బిస్కెట్ దగ్గర ఆగిపోతాయి. ఇంటాయన "ఎండ రాకపోతే చాలు" అంటాడు. ఇంటావిడ పుస్తకం రెండుసార్లు తిరగేసి, పక్క టవరులో వేసిన రంగే ఖాయం చేస్తుంది. అరగంటలో పని పూర్తి. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించే బట్టను మనం ఎంచుకునే తీరు ఇది.

ఆ పుస్తకాల్లోది చాలావరకు పాలియెస్టరే. సూరత్, పానిపట్ మరమగ్గాల మీద నేసింది కొంత, చైనా నుంచి దిగింది కొంత. దాని మీద నాకు పగేమీ లేదు. ముడత పడదు, వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చు, అడిగిన రంగు మర్నాటికి వస్తుంది. నా సందేహం వేరే. ఇదే నల్లగండ్ల నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి విజయవాడ హైవే పట్టుకుంటే గంటన్నరలో చౌటుప్పల్ దగ్గర కొయ్యలగూడెం. దుప్పట్లకూ పరదా బట్టకూ పేరున్న నేత ఊరు. ఆ చుట్టుపక్కలే పోచంపల్లి, పుట్టపాక. ఆ ఊళ్లు నేసిన బట్ట ఈ పుస్తకాల్లో ఒక్క పేజీ కూడా ఎందుకు లేదు?

ధర అంటారు. కాదు. శాంపిల్ పుస్తకంలో మధ్యరకం జకార్డ్‌కు పెట్టే రేటుకు ఆ ఊళ్ల మామూలు నూలు ఇక్కత్, అంటే పోగులకు ముందే ముడులు కట్టి రంగు వేసి నేసే బట్ట, మీటరు దొరుకుతుంది. డబుల్ ఇక్కత్ అయితే ఎక్కువవుతుంది, అది పరదాకు అవసరం లేదు. పడుగుకు మాత్రమే చిటికి (ఆ ముడులు) కట్టి రంగు వేసిన బట్ట చాలు. పేకకూ కట్టి, రెండింటి బొమ్మా ప్రతి పోగు దగ్గరా కలిసేలా చూసుకుంటూ నేయడానికి పట్టే కాలంతో పోలిస్తే ఇది మగ్గం మీద చకచకా సాగిపోతుంది.

అసలు లెక్క ఇంకొకటి ఉంది. హాలు కిటికీ ఎనిమిది అడుగుల వెడల్పు అనుకుందాం. కుచ్చులు నిండుగా పడాలంటే బట్ట దానికి రెట్టింపు ఉండాలి, అంటే 16 అడుగులు. బట్ట పన్నా 48 అంగుళాలైతే నాలుగు ముక్కలు కావాలి. పైనుంచి నేల దాకా తొమ్మిదడుగులు, పైనా కిందా మడతలు కలుపుకుంటే ముక్కకు మూడు మీటర్లు. ఒక్క కిటికీకే 12 మీటర్లు. మూడు పడగ్గదుల ఇంట్లో బాల్కనీ తలుపులతో కలిపి ఇలాంటివి ఆరు ఉన్నాయనుకుంటే 72 మీటర్లు. జాకెట్టు ముక్కతో కలిపి చీర ఆరు మీటర్ల పైచిలుకు. అంటే ఒక ఇంటి కిటికీలు పదకొండు పన్నెండు చీరల బట్టను మింగేస్తాయి. ఇదంతా ఒక ఫ్లాటుకు. నల్లగండ్ల చెరువు చుట్టూ, తెల్లాపూర్ దాకా లేచిన టవర్లలో ఫ్లాట్లు ఎన్నో మీకే తెలుసు. ఆ ఇంటావిడ ఏడాదికి పోచంపల్లి చీర ఒకటి కొంటుంది, పెళ్లిళ్లుంటే రెండు. ఆఫీసుకు చీర కట్టుకుని వెళ్లే రోజులు ఎప్పుడో పోయాయి. అయినా చేనేతను బతికించాలని ఎవరు మాట్లాడినా చీర దగ్గరే మొదలుపెట్టి చీర దగ్గరే ముగిస్తారు.

2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఆ రోజు చీరలతో, కుర్తాలతో గ్రూప్ ఫొటోలు దిగుతారు. మంచిదే. ఆ ఫొటోలో వెనక కిటికీకున్న తెర ఎక్కడిదో, కూర్చున్న కుర్చీ బట్ట ఎక్కడిదో ఎవరికీ పట్టదు. 

ఇక్కత్‌కు కిటికీ కొత్త కాదన్న సంగతి మనం మరిచిపోయాం. చిటికి కట్టి నేసిన చీరాల తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లేవి. ఆ గిరాకీ పడిపోయాక చిటికి కట్టే చేతులకు వేరే పని కావాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి ఛటోపాధ్యాయ్, పుపుల్ జయకర్ లాంటివాళ్లు చేనేతకు దేశం లోపలా బయటా మార్కెట్లు వెతికినప్పుడు చీరలతో పాటు మీటర్ల లెక్కన అమ్మే ఇంటి బట్ట కూడా ఆ పనిలో భాగమే. 1960లో జాన్ బిస్సెల్ పెట్టిన ఫ్యాబ్ఇండియా మొదట కుర్తాల దుకాణం కాదు, ఇంటి బట్టను విదేశాలకు పంపే ఎగుమతి సంస్థ. లండన్‌లో టెరెన్స్ కాన్రన్ నడిపిన హాబిటాట్ దుకాణాలు దానికి పెద్ద ఖాతాదారు. మన దేశపు చేనేత పరాయి దేశపు కిటికీలకు వేలాడింది, మన కిటికీలకు మాత్రం రాలేదు.

ఆ కథలో మన ఇంటిపక్క మనిషి ఒకరున్నారు. గచ్చిబౌలి దాటి రాయదుర్గం వైపు వెళ్తే హుస్సేన్ షా వలీ దర్గా వస్తుంది. హుస్సేన్ సాగర్ తవ్వించిన ఆ కుతుబ్‌షాహీల కాలపు సూఫీ దర్గా పక్కనే సురయ్యా హసన్ బోస్ మగ్గాలు నడిపారు. 1928లో పుట్టారు. హైదరాబాద్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియంలో పనిచేసి, తర్వాత ఢిల్లీలో పుపుల్ జయకర్ దగ్గర చేనేత ఎగుమతుల సంస్థలో చేరారు. భర్త అరబిందో బోస్ నేతాజీకి అన్న కొడుకు. నేతాజీతో 1943లో జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ సఫ్రానీ ఆమె కుటుంబ పెద్ద. ఢిల్లీ నుంచి తిరిగొచ్చి ఆమె మొదలుపెట్టింది ఇక్కత్ బట్ట వ్యాపారం. ఫ్యాబ్ఇండియాకు సరఫరా చేసినవాళ్లలో ఆమె ఒకరు. హిమ్రూ, మష్రూ, పైఠానీ నేతలు తర్వాత వచ్చాయి.

హిమ్రూ గురించి ఒక మాట చెప్పాలి. నూలు పడుగు మీద పట్టు పేకతో బొమ్మ తేల్చే నేత అది. ఎక్కువైన పోగులు వెనక వైపు వదులుగా తేలుతుంటాయి కనుక బట్ట మందంగా, ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. నిజాం రోజుల్లో షేర్వాణీలకూ, ఇంటి అలంకరణకూ వాడారు. పుట్టిల్లు ఔరంగాబాద్. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోనిదే కనుక హిమ్రూ మనకు పరాయిది కాదు. నిజాం పాలన ముగిశాక కొనేవాళ్లు లేక ఆ నేత దాదాపు ఆరిపోయింది. సురయ్యా పాత నేత పనివాళ్లను వెతికి పట్టుకొచ్చి, భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లకు నేర్పించారు. వాళ్ల పిల్లలు అదే ఆవరణలో ఉన్న సఫ్రానీ స్మారక పాఠశాలలో చదువుకునేవారు. 2021 సెప్టెంబరులో ఆమె కన్నుమూశారు. చుట్టూ అద్దాల మేడలు లేస్తున్నా ఆమె మగ్గాలు అక్కడే నడిచాయి. ఆ మేడల్లో ఇంటీరియర్ కాంట్రాక్టు పనులు కోట్లలో జరిగాయి. వాటిలో ఎన్ని గజాలు ఈ మగ్గాల మీదుగా వెళ్లి ఉంటాయో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇక చట్టం సంగతి. 1985లో పార్లమెంటు కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయిస్తూ ఒక చట్టం చేసింది. మొదట 22 రకాలు, తర్వాత 11కు కుదించారు. ఆ పదకొండులో చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ ఉంటాయని అందరూ అనుకుంటారు. దుప్పటి, పరదా బట్ట, సోఫా బట్ట కూడా ఉన్నాయంటే నమ్మరు. మరమగ్గాలవాళ్లు కోర్టుకెక్కితే 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. అయితే ఆ రక్షణ ప్రతి పరదాకూ లేదు. ఏ నూలు, ఏ నేత అని నిర్వచించిన రకాలకే. శాంపిల్ పుస్తకంలోని పాలియెస్టర్ జకార్డ్ ఆ గీతకు అవతలే నిలబడి హాయిగా అమ్ముడవుతుంది. చట్టం మీద ఆశలు పెట్టుకోవద్దని ఇన్నేళ్ల అనుభవం చెబుతూనే ఉంది.

కేరళలో కన్నూర్ వాళ్లు ఇంటి బట్టకే, ఆ పేరుతోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మనకు పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట, సిద్దిపేట గొల్లభామ ఉన్నాయి. వీటి పేరెత్తితే మనకు తట్టేది చీరే. వరంగల్ దరీలకు 2018లో గుర్తింపు వచ్చింది. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. అంత పాత పేరున్న ఊరి దరీ మన హాల్లో పరుచుకోవడానికి ఇంకా మొహమాటమే.

తప్పంతా కొనేవాళ్ల మీద తోసేయను. చేనేత వైపు నాలుగు లోపాలున్నాయి, నాలుగూ దిద్దుకోదగ్గవే.

మొదటిది పన్నా. శాంపిల్ పుస్తకంలోని బట్ట 54 అంగుళాలు ఉంటుంది, సోఫా టైలరు దానికే అలవాటుపడ్డాడు. మామూలు గుంటమగ్గం చీర కొలతకు కట్టింది. వెడల్పు మగ్గాలు లేకపోలేదు, దుప్పట్లు నేసేది వాటి మీదే. కానీ ప్రదర్శనకు వెళ్తే స్టాలు నిండా చీరలూ, డ్రెస్ మెటీరియలూ. పరదా బట్ట ఏదని అడిగితే మూల నుంచి ఒక బిట్టు తీసి "ఇంతే ఉందమ్మా" అంటారు.

రెండోది ఎండ. మన టవర్లలో పడమటి ముఖం ఫ్లాట్లకు సాయంత్రం ఎండ నిలువునా కొడుతుంది. అక్కడ నూలు వెలుస్తుంది, కొన్నేళ్లకు పోగు చివుకుతుంది. వ్యాట్ రంగులు వేయిస్తే తట్టుకుంటుంది, వెనక లైనింగ్ కుట్టిస్తే ఇంకా తట్టుకుంటుంది. ఈ రెండు ముక్కలు అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. రెండేళ్లకు వెలిసిపోయాక "చేనేత అంతే" అని తీర్పు చెప్పేస్తారు.

మూడోది మళ్లీ దొరకకపోవడం. చేత్తో కట్టి, చేత్తో రంగు ముంచిన పడుగు ప్రతిసారీ ఒక్కలా రాదు. కనుక ఇంటికంతటికీ ఒకేసారి, మరో ఐదారు మీటర్లు అదనంగా చెప్పి నేయించుకోవాలి. దీనికి నెలల ముందు ఆలోచించాలి. ముహూర్తానికి పది రోజుల ముందు టేపు పట్టుకొచ్చే పద్ధతిలో ఇది కుదరదు.

నాలుగోదే అసలు లోపం, మధ్యమనిషి లేకపోవడం. కొలత తీసి, బట్ట లెక్కగట్టి, కుట్టించి, రాడ్డు బిగించి, తేడా వస్తే తిరిగొచ్చే మనిషి పాలియెస్టర్‌కు ఉన్నాడు. ఇక్కత్‌కు లేడు. సంఘాలు ఎగ్జిబిషన్లు పెడతాయి, ప్రభుత్వాలు రిబేట్లు ఇస్తాయి, సెలబ్రిటీలు చీర కట్టుకుని ఫొటో దిగుతారు. టేపు పట్టుకుని పన్నెండో అంతస్తుకు లిఫ్టు ఎక్కే మనిషిని మాత్రం ఎవరూ పంపరు. 2018 ఆగస్టులో హైటెక్ సిటీ దగ్గర ఐకియా దేశంలో తన మొదటి దుకాణం తెరిచింది. అంత పెద్ద కంపెనీ బట్టతో పాటు ఆ బట్ట గోడకెలా ఎక్కాలో కూడా ఆలోచించి పెట్టింది. మన సహకార సంఘం బట్ట దగ్గరే ఆగిపోయింది.

ఈలోపు ఖాళీని అచ్చు ఇక్కత్ నింపేస్తోంది. ఇక్కత్ డిజైన్ అచ్చేసిన బట్టను "ఇక్కత్ కర్టెన్" అని అమ్ముతున్నారు. తిప్పి చూడండి. నేసిన ఇక్కత్ రెండు వైపులా ఒకే రంగు, ఒకే బొమ్మ. అచ్చు వేసింది వెనక పాలిపోయి ఉంటుంది. బొమ్మ అంచులు కత్తిరించినట్టు తిన్నగా ఉన్నా అనుమానించాలి. నిజం ఇక్కత్‌లో రంగు పోగుల వెంట కొద్దిగా జారి, అంచు ఈకలు ఈకలుగా ఉంటుంది.

సోఫాకు మాత్రం ఇక్కత్ వేయించమని చెప్పను. ఇంట్లో ఉపయోగించే సోఫా బట్ట మార్టిండేల్ రాపిడి పరీక్షలో 15 వేల నుంచి 25 వేల రాపిళ్లు తట్టుకోవాలంటారు. మామూలు సాదా నేత నూలుబట్ట పిల్లలూ, కుక్కా ఎక్కే సోఫా మీద ఎక్కువకాలం ఉండదు. హిమ్రూ అయితే వెనక తేలే పోగులు లాక్కుంటాయి. సోఫాకు గట్టి జకార్డే పెట్టుకోండి. ఇక్కత్‌ను కుషన్లకు, మంచం తలవైపు పలకకు, అన్నిటికంటే ముందు కిటికీకి వాడండి. రాపిడి లేని చోట బట్టకు శత్రువు ఎండ ఒక్కటే, దానికి లైనింగ్ ఉంది.

మొదలు ఎక్కడంటే, ఇళ్లలో కాదు, క్లబ్‌హౌస్‌లో. నల్లగండ్లలో ఏ గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లినా పెద్ద హాలు, ఎత్తయిన అద్దాలు, వాటికి వందల మీటర్ల బట్ట. ఒక్కో మనిషిని ఒప్పించే పని లేదు, కమిటీ తీర్మానం చాలు. కొన్నేళ్లకోసారి ఆ పరదాలు మార్చాల్సి వస్తుంది, కొటేషన్లు పిలుస్తారు. ఆ కొటేషన్లలో ఒకటి పోచంపల్లి వైపు సంఘం నుంచి తెప్పించండి. ఆరు నెలల గడువు ఇవ్వండి, వ్యాట్ రంగులని రాయించండి, పన్నా 54 అంగుళాలని అడగండి. మీ కర్టెన్ల అతన్నే కుట్టుకూలీకి పెట్టుకోండి, అతనికీ పని పోదు. జనరల్ బాడీ మీటింగులో ఎవరో ఒకాయన లేచి బ్లాకౌట్ లేకపోతే ప్రొజెక్టర్ కనిపించదని అంటాడు. లైనింగ్ బ్లాకౌట్‌దే వేయిస్తున్నామని చెప్పి కూర్చోబెట్టండి.