బీగం వేసిన గ్రూపు

మా హోసూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుకి తాళం పడింది. ఇక మీదట అడ్మిన్లు తప్ప ఇతరులు రాయరాదట. 2018లో వచ్చిన ఈ మీట అడ్మిన్లకు ఎంత సుఖమో! గొడవ చల్లారిందని కార్యదర్శిగారు సంతోషిస్తున్నారు. గొడవతో పాటు మాటా ఆగిపోయిన సంగతి ఆయనకు పట్టినట్టు లేదు.

జరిగిందేమిటి? ఉగాదినాడు వాళ్లవ్వ వేపపువ్వు, బెల్లం కలిపి ఎలా పెట్టేదో ఒక కాలేజీ అమ్మాయి నాలుగు వాక్యాలు రాసింది. మాట మన మొరసునాటి తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. వెంటనే ఒక పెద్దమనిషి "ముందు అ ఆలు నేర్చుకుని రామ్మా" అన్నాడు. ఆ పెద్దమనిషిని నేనే. కింద పదకొండు చప్పట్ల బొమ్మలు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన ఒకాయన "ఇదేం యాస, సగం కన్నడం" అన్నాడు. అక్కణ్ణుంచి కులం మీదికి, ఎవరి తాత ఎప్పుడు వలస వచ్చాడన్నదాని మీదికి పోయింది. అర్ధరాత్రికి అమ్మాయి గ్రూపు వదిలేసింది. బెల్లం పోయి వేపపువ్వు మిగిలింది.

ఆ పిల్లకు అక్షరాలెందుకు రావు? తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ 2016కి పదో తరగతి చేరింది. బడిలో దొరకని అక్షరాల కోసం, ఇంట్లో నిలబెట్టుకున్న మాటను వెక్కిరించాను.

ముప్పై ఏళ్లుగా బ్యాంకులో కోపిష్టివాళ్లను చూస్తున్నాను. పాసుపుస్తకం విసిరేసిన మనిషినైనా లోపలికి పిలిచి కుర్చీ వేస్తే గొంతు తగ్గుతుంది. అదే కౌంటరు దగ్గర, నలుగురూ చూస్తుండగా "తప్పు మీదే" అన్నామా, తప్పని తెలిసినా ఒప్పుకోడు. గ్రూపులో ఆ నలుగురు మూడువందలమంది. పైగా ముఖం కనపడదు, గొంతు వినపడదు. 'సరే' అన్న రెండక్షరాలను కూడా చదివేవాడు తన చిరాకును బట్టి చదువుకుంటాడు.

ఎవడో రాసినదానికి తమ మీద కేసు పడుతుందని అడ్మిన్ల భయం. ఉమ్మడి ఉద్దేశం ఉంటే తప్ప సభ్యుడి రాతకు అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లోనే చెప్పింది. 2022 నుంచి చెడ్డ మెసేజీని అడ్మినే తుడిచేయవచ్చు కూడా. ఒక కాలువకు గండి పడితే చెరువు తూమే మూసేస్తామా?

తప్పు కనిపిస్తే ఆ మనిషికి విడిగా చెప్పండి. ఫోను చేస్తే మరీ మంచిది. మాట వేడెక్కితే జవాబు తెల్లారాక రాయండి. యాసను దిద్దే ఉద్యోగం మాత్రం ఎవరికీ వద్దు.

ఆ అమ్మాయికి ఫోను చేసి క్షమించమన్నాను. పది నిమిషాలు మాట్లాడింది, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా. మళ్లీ గ్రూపులోకి రమ్మంటే, "బీగం ఏసిన ఇంటికి ఎట్ల వచ్చేది మామా?" అంది.

తాళం తీయమని నేను రాసిచ్చిన కాగితం మూడు వారాలుగా కార్యదర్శిగారి దగ్గరే ఉంది.