హక్కు ఆమెది, సంతకం ఎవరిది?

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కార్పొరేట్ ఆసుపత్రులకు కొదవ లేదు. ఆ గుట్ట దిగితే కృష్ణానగర్. షూటింగ్ ఉన్న రోజే కూలి దొరికే జూనియర్ ఆర్టిస్టులు, గ్రూప్ డ్యాన్సర్లు అద్దె గదుల్లో సర్దుకునే చోటు. వద్దనుకున్న గర్భం వస్తే వీళ్లకైనా, ఫిల్మ్‌నగర్ కథానాయికకైనా చట్టం ఒక్కటే. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి (ఎంటీపీ) చట్టాన్ని 2021లో సవరించి, గర్భనిరోధం విఫలమైన సందర్భంలో ‘భర్త’ స్థానంలో ‘భాగస్వామి’ని చేర్చారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. కొన్ని వర్గాల మహిళలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. పెళ్లికానివారిని ఈ వెసులుబాటు నుంచి తప్పిస్తే సమానత్వ హక్కుకు భంగమని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. ఆమె వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

చట్టం ఇంత విశాలంగా ఉన్నా, దాన్ని అమలుచేసే నిబంధనల దగ్గరే దారి ఇరుకవుతోంది. ప్రైవేటు ఆసుపత్రికి జిల్లా కమిటీ అనుమతి ఉండాలి. అనుమతి లేనిచోట అబార్షన్ చేస్తే రెండు నుంచి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష. ఆ భయంతో డాక్టర్లు చట్టంలో లేని షరతులు పెడుతున్నారని, కుటుంబం సమ్మతి, రుజువు పత్రాలు, కోర్టు ఉత్తర్వులు అడుగుతున్నారని సుప్రీంకోర్టే ఆ తీర్పులో ఎత్తిచూపింది. పుకారు పుడితే అవకాశం పోయే సినిమా రంగంలో, ఇంటివాళ్ల సంతకం తెమ్మనడం ‘మందుల షాపుకు పొమ్మ’నడంతో సమానం. 2015లో దేశంలో జరిగిన అబార్షన్లు సుమారు 1.56 కోట్లని, వాటిలో 73 శాతం ఆసుపత్రుల బయట మాత్రలతోనే జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అధ్యయనం అంచనా. రక్షణ కోసం పెట్టిన నిబంధన మహిళలను పర్యవేక్షణ లేని చోటికే నెడుతోందన్నమాట.

నిబంధనలు సడలిస్తే ప్రాణాలకు ముప్పు, ఆడపిండాల హత్యలకు ఊతం అన్న ఆందోళన కొట్టిపారేయదగ్గది కాదు. లింగ నిర్ధారణపై 1994 చట్టం సడలకూడదు కూడా. కానీ తొమ్మిది వారాల లోపు స్కానింగ్‌లో లింగం తెలియదు. అప్పటిదాకా మాత్రలతో గర్భం తీసేయడానికి, పర్యవేక్షణలో పది కేసులు చేసిన ఎంబీబీఎస్ డాక్టరును 2021 నిబంధనలే అనుమతిస్తున్నాయి. కాబట్టి 2018 నుంచి హైదరాబాద్‌లో నడుస్తున్న బస్తీ దవాఖానాల డాక్టర్లకు ఆ శిక్షణ ఇచ్చి, రక్తస్రావం ఎక్కువైతే పంపడానికి అనుమతి ఉన్న ఆసుపత్రితో జోడించాలి. సమ్మతి ఆమెది ఒక్కటే చాలని ప్రతి ఆసుపత్రిలో తెలుగు బోర్డు పెట్టించాలి. అదనపు సంతకం అడిగినవారికి జిల్లా వైద్యాధికారి నోటీసు ఇవ్వాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదాన్ని కృష్ణానగర్ దాకా నడిపిస్తే చాలు.