రోడ్డుకు 30 ఏళ్ల లెక్క, పొలానికి 3 ఏళ్ల లెక్క

మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఏ ఇంట్లో చూసినా సగం మంది ఇక్కడ, సగం మంది హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటారు. మెట్ట ప్రాంతం కదా, వాన పడితేనే పంట. చదువుకున్న పిల్లలూ, చదువు అబ్బని పిల్లలూ ఇద్దరూ బస్సెక్కేస్తారు. అందుకే హైదరాబాదు చుట్టూ వేయబోయే రీజినల్ రింగ్ రోడ్డు గొడవ పేపర్లో తెలంగాణ పేజీలో వచ్చినా, మా ఇళ్లలో అది సొంత గొడవే. పండక్కి అందరూ చేరితే ఒక గదిలో "ఆ రోడ్డు ఎప్పుడు పడుతుందో, మా ప్రాణాలు ఎప్పుడు కుదుటపడతాయో" అంటారు. ఇంకో గదిలో "పొలం పోయినోడి బాధ మీకేం తెలుసు" అంటారు. ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చేది మనమే. ఇద్దరి మాటా వినేది కూడా మనమే.

విషయం తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్తాను. హైదరాబాదు చుట్టూ ఇప్పటికే 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఉంది. అది విడతలు విడతలుగా పడి 2018కి పూర్తయింది. దానికి ఇంకా బయట, దాదాపు 350 కిలోమీటర్ల చుట్టుకొలతతో రీజినల్ రింగ్ రోడ్డు అనుకుంటున్నారు. ఉత్తర భాగం సంగారెడ్డి దగ్గర మొదలై నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ చేరుతుంది. దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి షాద్‌నగర్, చేవెళ్ల వైపుగా తిరిగి మళ్లీ సంగారెడ్డికి వచ్చి కలుస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికో పోయే లారీలు నగరంలో దూరకుండా బయట నుంచి బయటికే వెళ్లిపోతాయి, శివార్లలో రద్దీ తగ్గుతుంది అన్నది లెక్క.

ముందు నగరం వాళ్ల మాట చెప్పుకుందాం, అది తీసిపారేసే మాట కాదు. మా ఆడబిడ్డ వాళ్లు పటాన్‌చెరు దగ్గరుంటారు. సాయంత్రం అన్నం వండి కూర్చుంటే అది చల్లారి, మళ్లీ వేడి చేసి, మళ్లీ చల్లారే వేళకు మొగుడు ఇల్లు చేరతాడు. "రోడ్డు మీద గడిపినంత సేపు బిడ్డతో గడపడం లేదొదినా" అంటుంది. బడి వ్యాను పక్కన లారీ, లారీ పక్కన స్కూటీ మీద ఉద్యోగానికి పోయే ఆడపిల్ల. ఆ పిల్ల ఇంటికి చేరిందాకా తల్లి ఫోను చేతిలోంచి కింద పెట్టదు. రోడ్డు అడగడం వాళ్ల గొంతెమ్మ కోరికేం కాదు.

ఇప్పుడు రెండో గది మాట. భువనగిరి దగ్గర రాయగిరి రైతులు ఉత్తర భాగం తమ పొలాల మీదుగా వద్దని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2023లో ఆ ఊరి రైతుల్ని బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చారన్న వార్త చదివినప్పుడు నాకు మెతుకు దిగలేదు. సెంటు పొలం ఎవరి దగ్గరా దోచుకోని మనుషులకు బేడీలు! దక్షిణ భాగం గీత బయటికొచ్చాక 2025 సెప్టెంబరులో అటువైపు రైతులు హైదరాబాదుకు వచ్చి హెచ్‌ఎండీఏ ఆఫీసు ముందు కూర్చున్నారు. పెద్దవాళ్ల భూములు తప్పించి చిన్న రైతుల మీదికి గీత వంచారన్నది వాళ్ల ఆరోపణ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని ఊరికే అన్నారా? గీత గీసేవాడి మీద నమ్మకం లేనప్పుడు ఎంత న్యాయంగా గీసినా వంకరగానే కనపడుతుంది.

మూడో వర్గం ఒకటుంది, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. అది మనమే. "ట్రిపుల్ ఆర్ కి పది నిమిషాల దూరం" అన్న కరపత్రం చూసి, గాజులు కుదవపెట్టి 200 గజాల ప్లాటు కొన్న ఇళ్లు మా వైపు ఎన్ని లేవు! ఊళ్లో అంకణాల్లో స్థలం కొలుచుకునే మనం అక్కడ గజాల్లో బేరమాడుతున్నాం. ఆ ప్లాటు ధర పెరగాలంటే రోడ్డు రావాలి. రోడ్డు రావాలంటే ఎవరిదో పొలం పోవాలి. ఒకరి బాధ మనకు లాభం అయ్యే చోట నోరు మెత్తబడటం సహజమే. కానీ ఆ సంగతి ఎరికలో పెట్టుకుని మాట్లాడాలి.

ఇన్ని వాదాలు విన్నాక నాకు అర్థమైంది ఇది. గొడవ రోడ్డు కావాలా వద్దా అన్న దాని మీద లేదు, వెల కట్టే పద్ధతి మీద ఉంది.

అవుటర్ రింగ్ రోడ్డునే తీసుకోండి. దాని మీద టోలు వసూలు చేసుకునే హక్కును 2023లో ఒక కంపెనీకి 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఇచ్చారు. అంటే రోడ్డుకు వెల కట్టేటప్పుడు ముందుకు చూశారు. రాబోయే 30 ఏళ్లలో ఎన్ని బండ్లు తిరుగుతాయి, ఎంత వస్తుంది అని లెక్క వేశారు. మంచిదే, ఏ వ్యాపారమైనా అలాగే లెక్క వేస్తుంది.

మరి పొలానికో? 2013 భూసేకరణ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్న విలువ, లేదా చుట్టుపక్కల గడిచిన 3 ఏళ్లలో జరిగిన అమ్మకాల సగటు చూస్తారు. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 రెట్ల మధ్య పెంచి, దానికి అంతే మొత్తం ఊరడింపు సొమ్ముగా కలుపుతారు. 2015 నుంచి జాతీయ రహదారులకూ ఈ లెక్కే. వినడానికి బాగుంటుంది, "నాలుగు రెట్లు ఇస్తున్నాం కదమ్మా" అంటారు. అయితే దేనికి నాలుగు రెట్లు? కాగితం మీద రాసే రేటు ఒకటి, చేతులు మారే రేటు ఒకటి అని ఇల్లాళ్లందరికీ తెలుసు. ఉదాహరణకు కాగితం మీద ఎకరా 5 లక్షలు, బయట 30 లక్షలు అనుకోండి. అందరికంటే ఎక్కువగా 2 రెట్లు వేసినా 10 లక్షలు, దాని మీద ఊరడింపు ఇంకో 10 లక్షలు. మొత్తం 20. ఆ సొమ్ముతో పక్క ఊళ్లో ముప్పావు ఎకరా కూడా రాదు. రోడ్డు పడ్డాక అక్కడి రేటు ఎంతవుతుందో మన ప్లాటు కరపత్రమే చెప్తుంది.

రోడ్డుకు ముందు 30 ఏళ్లు చూస్తారు, పొలానికి వెనక 3 ఏళ్లు చూస్తారు. రైతు కోపమంతా ఈ రెండు చూపుల మధ్య ఉంది. ఆ 30 ఏళ్ల రాబడిలో పొలం ఇచ్చిన ఇంటికి ఏటా కొంత భాగం ఇవ్వండి, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఏటా అద్దె తీసుకుంటారు. ఒక్కసారి అడ్వాన్సు తీసుకుని తాళం ఇచ్చేసి వెళ్లిపోమంటే ఊరుకుంటారా?

ఇదంతా తెలంగాణ సంగతి, మనకెందుకు అనుకోకండి. అమరావతి చుట్టూ 5 జిల్లాల మీదుగా దాదాపు 190 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు వస్తోంది. మన గడప ముందుకే ఇంకోటి వచ్చింది. బద్వేలు దగ్గర గోపవరం నుంచి కృష్ణపట్నం పోర్టు జంక్షను దాకా 108 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డుకు 2025 మేలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఖర్చు 3,653 కోట్లు. బద్వేలు నుంచి పోర్టుకు దాదాపు 34 కిలోమీటర్లు తగ్గుతుందట. మనం ముంబై రోడ్డు అని పిలుచుకునే దారి మీద లారీల కింద పడిన ప్రాణాలు తలుచుకుంటే ఆ రోడ్డు రావాలనే నేనూ అంటాను. కానీ తగ్గే ఆ 34 కిలోమీటర్లు ఎవరి బత్తాయి తోటలోంచి, ఎవరి పొగాకు చేలోంచి తగ్గుతాయి అన్న ప్రశ్న కూడా మనదే.

ఇక మన ఆడవాళ్ల సంగతికి వస్తాను. అసలు నేను రాయాలనుకున్నదీ అదే.

నోటీసు పట్టాదారు పేరు మీద వస్తుంది. పట్టా ఎక్కువగా మగవాళ్ల పేరు మీదే ఉంటుంది. మీటింగుకు మగవాళ్లే పోతారు, డబ్బు వాళ్ల ఖాతాలోనే పడుతుంది. పొలంలో కలుపు తీసింది, పొగాకు ఆకు గుచ్చింది, గేదెకు గడ్డి కోసుకొచ్చింది మాత్రం మనం. పొలం ఉన్నప్పుడు అది కనపడే ఆస్తి, ఒక్కరోజులో మాయం కాదు. డబ్బు అలా కాదు. కొడుక్కి కారు, బావమరిదికి అప్పు, ఎవరో చెప్పిన వ్యాపారం, ఇక ఆఖరికి మిగిలేది బ్యాంకు పుస్తకం. ఏడాది తిరిగేసరికి అదే ఇంటి ఆడమనిషి వేరేవాళ్ల చేలో కూలికి పోయిన ఇళ్లు నేను చూశాను.

డబ్బు వచ్చిందనగానే ఇంకో గొడవ మొదలవుతుంది. పొలం పొలంగా ఉన్నంత కాలం పుట్టింటి వాటా అడగని ఆడపిల్ల, నగదు అనగానే అడుగుతుంది. అన్నదమ్ములు "ఇన్నాళ్లు లేని ప్రేమ ఇప్పుడొచ్చిందా" అంటారు. మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి చట్టం హక్కు ఇచ్చింది. ఆమె అడిగేది ప్రేమ కాదు, హక్కు. చెక్కు వచ్చాక అడిగితే అది గొడవ అవుతుంది, నోటీసు వచ్చిన రోజే అందరూ కూర్చుని మాట్లాడుకుంటే అది పంపకం అవుతుంది.

చట్టంలో మనకు పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఎవరూ మనింటికొచ్చి చెప్పరు గనక ఇక్కడ రాస్తున్నాను. వితంతువులను, విడాకులైన వాళ్లను, మొగుడు వదిలేసిన వాళ్లను వేరే కుటుంబంగా లెక్కించాలని 2013 చట్టం చెప్తుంది. సొంత భూమి లేకపోయినా, ఆ భూమి మీదే బతికే కౌలుదారులు, కూలీలు కూడా నష్టపోయిన కుటుంబాల కిందికే వస్తారు. జాతీయ రహదారి కోసమైతే నోటిఫికేషన్ సారాంశాన్ని రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు అభ్యంతరం రాసివ్వాలి. 21 రోజులంటే ఎంత? ఒక పెళ్లి పనుల్లో పడితే గడిచిపోతాయి. ఆ పేపరు మన పొయ్యి దగ్గర అప్పడాల కింద పరిచి ఉంటుంది, మనం చదవం.

అభ్యంతరం అంటే రోడ్డు వద్దని రాయడమే కాదు. మాకు ఇక్కడ అండర్‌పాస్ కావాలి అనైనా అడగాలి. ఇలాంటి పెద్ద రోడ్లను ఎక్కడపడితే అక్కడ దాటనివ్వరు. ఊరు ఇటు, చేను అటు, శ్మశానం అటు, బడి ఇటు అయిపోతుంది. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని రెండు కిలోమీటర్లు చుట్టి వచ్చేది ఎవరు? గీత గీసేవాళ్లకు ఆ మోపు బరువు తెలియదు. తెలిసినవాళ్లు నోరు విప్పితేనే పటం మీద ఆ దారి పడుతుంది.

మనం ఎక్కడ నోరు విప్పుతాం అనుకోకండి. దూబగుంట ఎక్కడుంది? మన కలిగిరి మండలంలోనే. 1990ల మొదట్లో ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ మాట ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్ల దగ్గర లాయర్లు లేరు, ఇంజనీర్లు లేరు. రాత్రి బడిలో కూర్చుని మాట్లాడుకున్నారు, అంతే. ఆ తర్వాత వచ్చిన పొదుపు సంఘాలు ఇప్పటికీ మన ఊళ్లలో ఉన్నాయి. నెలనెలా అప్పుల కిస్తీలు లెక్కపెట్టుకునే ఆ మీటింగులోనే ఒక పది నిమిషాలు భూసేకరణ నోటీసు పైకి చదివితే చాలు.

నేను అడిగేవి మూడే. పరిహారం భార్యాభర్తల జంట ఖాతాలోనే వేయాలి. అభ్యంతరాలు వినే రోజున ఆ ఊరి ఆడవాళ్లను వేరేగా కూర్చోబెట్టి దాటే దారుల గురించి అడగాలి. టోలు రాబడిలో పొలం పోయిన ఇంటికి ఏటా ఇంత అని రాసివ్వాలి. మా ఆడబిడ్డ మొగుడు పెందలాడే ఇల్లు చేరాలని నాకూ ఉంది. ఆ రోడ్డు కింద పొలం పోయిన ఇల్లాలి పొయ్యి కూడా వెలగాలి.

మీ ఊరి మీదుగా ఏదైనా గీత పడుతుందన్న మాట వినపడితే, ఈ రాత్రికే మీ ఆయన్ను ఒకటి అడగండి: పాసు పుస్తకం ఎవరి పేరు మీద ఉంది, నోటీసు వస్తే ఎవరికి చూపిస్తావు?