ఇంటిపేరు అడిగి ట్రిప్ ఇవ్వడాన్ని ఖండిస్తున్నాం

హైదరాబాద్: రెండు రోజుల ట్రిప్‌కు శ్రీశైలం వెళ్లే ఒక కుటుంబానికి నగరంలోని ఒక ట్రావెల్స్ ఏజెన్సీ మా సంఘ సభ్యుడి బండి ఖరారు చేసింది. ఆయన సాయంత్రమే ఇన్నోవా కడిగి, సీటు కవర్లు మార్చి, డీజిల్ ఫుల్ కొట్టించి, ఫాస్టాగ్ రీచార్జ్ చేయించుకున్నాడు. శ్రీశైలం దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు తెరిచే వేళకు అక్కడ ఉండాలని పెందలాడే పడుకోబోతుంటే పార్టీ (బండి మాట్లాడుకున్న కుటుంబం) పెద్దాయన ఫోన్ చేశారు. బండి కండిషన్ ఎలా ఉందని గానీ, ఘాట్‌లో నడిపిన అలవాటు ఉందా అని గానీ అడగలేదు. “ఇంటిపేరేంటి బాబూ?” అన్నారు. చెప్పాడు. “సొంతూరేది? ఊళ్లో మీ ఇళ్లు ఏ వైపు?” అన్నారు. ఆ ప్రశ్న దేనికో తెలుగునాట పుట్టినవాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు. కాసేపటికి ఏజెన్సీ నుంచి మెసేజ్ వచ్చింది: “పార్టీకి పట్టింపు ఉందంట. వేరే డ్రైవర్‌ని పంపుతున్నాం. ఏమీ అనుకోవద్దు.”

మా సభ్యుడు దళితుడు. ఆ ట్రిప్ పోవడానికి వేరే కారణమేదీ లేదు. ఆ కుటుంబం చేసిన పనిని, దానికి తలూపిన ఏజెన్సీ తీరును మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది.

మేం వెళ్లి అడిగితే ఏజెన్సీవారు ఇచ్చిన జవాబు ఒకటే: “డబ్బులిచ్చేది కస్టమర్. ఆయనకు ఇష్టం లేకపోతే మేమేం చేస్తాం?” ఈ మాట అన్నది వాళ్లొక్కరే అయితే ఇంత వివరంగా రాసేవాళ్లం కాదు. ఇదే జవాబు చాలాచోట్ల వింటున్నాం. కస్టమర్‌కు ఇష్టాలు ఉంటాయి, ఉండాలి కూడా. ఏసీ పెట్టమనొచ్చు, నెమ్మదిగా నడపమనొచ్చు, సిగరెట్ తాగే డ్రైవర్ వద్దనొచ్చు, దారి బాగా తెలిసినవాణ్ణి పంపమనొచ్చు. ఇవన్నీ డ్రైవర్ చేసే పనికి సంబంధించినవి. వాటిలో లోపముంటే దిద్దుకుంటాం. పుట్టుకను ఎవరు దిద్దుకుంటారు? మనసులో ఎవరేమనుకున్నా ఆపలేం. కానీ ఆ మనసులోని మాటను ఆర్డర్‌గా రాసుకుని, దాని ప్రకారం ఒకరి చేతిలోని ట్రిప్ తీసి ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు వివక్ష చూపింది ఏజెన్సీయే.

కస్టమర్ ఇష్టమనే ఈ వాదన పాతది, కోర్టుల్లో ఓడిపోయినది. మగవాళ్లను విమాన సహాయకులుగా తీసుకోకపోవడానికి ప్రయాణికులు ఆడవాళ్లనే కోరుకుంటున్నారని పాన్ అమెరికన్ ఎయిర్‌వేస్ చెప్పింది. ప్రయాణికుల ఇష్టాయిష్టాలు వివక్షకు సాకు కాజాలవని 1971లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. బెల్జియంలో తలుపులు బిగించే ఫెరిన్ అనే కంపెనీ డైరెక్టర్, వలస వచ్చినవాళ్లను ఇళ్లలోకి రానివ్వడానికి కస్టమర్లు జంకుతున్నారు కాబట్టి వాళ్లను పనిలో పెట్టుకోలేనని బహిరంగంగా అన్నాడు. ఆ ప్రకటన చేయడమే ప్రత్యక్ష వివక్ష అని 2008లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది.

మన దగ్గర కులం విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది. ఆ పేరుతో ఒక మనిషిని వృత్తి, వ్యాపారం, ఉద్యోగం చేసుకోనివ్వకుండా అడ్డుకుంటే 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. మతం దగ్గరకు వచ్చేసరికి ప్రైవేటు కంపెనీని నేరుగా పట్టుకునే చట్టం కనపడదు. 2018లో లక్నోలో ఒక ప్రయాణికుడు డ్రైవర్ ముస్లిం అని ఓలా క్యాబ్ రద్దు చేసి, ఆ సంగతి ట్విట్టర్‌లో గొప్పగా చెప్పుకున్నాడు. తాము మతాన్ని బట్టి ఎవరినీ వేరుగా చూడమని ఓలా బహిరంగంగా బదులిచ్చింది, అది మంచిదే. 2022లో మన హైదరాబాద్‌లోనే ముస్లిం డెలివరీ బాయ్ వద్దని ఒక కస్టమర్ స్విగ్గీ ఆర్డర్‌లో సూచన రాస్తే, డ్రైవర్ల నాయకుడు షేక్ సలావుద్దీన్ దాన్ని బయటపెట్టి కంపెనీని నిలదీశారు. యాప్‌లో డ్రైవర్ పేరు, ఫొటో పెట్టింది ప్రయాణికుల భద్రత కోసం. ఆ పేరు చూసి క్యాన్సల్ కొట్టేవాళ్ల వల్ల పికప్ దాకా ఖాళీగా నడిపిన డీజిల్ ఖర్చు, ఆ రోజు ఇన్సెంటివ్ నష్టం రెండూ డ్రైవర్ నెత్తినే పడుతున్నాయి.

భద్రత మాట ఎత్తేవారికీ జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ భయం నిజమైనది. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఉబర్ క్యాబ్‌లో ఒక యువతిపై జరిగిన అఘాయిత్యాన్ని మేం మరచిపోలేదు. ఆ డ్రైవర్ మీద అంతకుముందే కేసులున్నాయి, అతను చూపిన ప్రవర్తన ధ్రువపత్రం నకిలీదని పోలీసులు తేల్చారు. వెరిఫికేషన్ సరిగ్గా జరిగి ఉంటే ఆ మనిషి స్టీరింగ్ పట్టేవాడే కాదు. కాబట్టి మా సభ్యులతో సహా ప్రతి డ్రైవర్‌కూ పోలీసు వెరిఫికేషన్ పక్కాగా చేయండి, మేం సహకరిస్తాం. ఇంటిపేరు అడిగితే ఎవరి నేరచరిత్రా బయటపడదు. రాత్రిపూట ఒంటరిగా ప్రయాణించే మహిళ మహిళా డ్రైవర్‌ను కోరుకోవడాన్ని మేం ఈ కోవలో చేర్చడం లేదు. అది ఆమె తనను తాను కాపాడుకోవడానికి అడిగే మాట, ఏ కులాన్నీ మతాన్నీ తక్కువ చేయడానికి కాదు.

డ్రైవర్ ప్రయాణికుణ్ణి ఎక్కించుకోనంటే మోటారు వాహనాల చట్టం 178(3) కింద జరిమానా పడుతుంది. మాకు ఎదురైన నిరాకరణకు ఆ చట్టంలో ఏ సెక్షనూ లేదు, పైగా యాప్ కంపెనీలు మమ్మల్ని ఉద్యోగులుగా కాదు, పార్ట్‌నర్లుగా రాసుకుంటాయి గనక అడిగే దిక్కు కూడా లేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పేరు చూసో, దిగే బస్తీ పేరు చూసో మా డ్రైవర్లలో ఎవరైనా ట్రిప్ వదిలేస్తే అదీ ఇదే తప్పు. అలాంటి ఫిర్యాదు వస్తే సభ్యత్వం రద్దు చేస్తాం.

ఆ ఏజెన్సీ మా సభ్యుడికి రాతపూర్వకంగా క్షమాపణ చెప్పి, రెండు రోజుల కిరాయి పూర్తిగా చెల్లించాలి. డ్రైవర్ కులం, మతం, ప్రాంతం గురించి వచ్చే ఏ కోరికనూ ట్రావెల్స్ ఏజెన్సీలు, యాప్ కంపెనీలు, ఐటీ కంపెనీలకు బళ్లు పెట్టే వెండర్లు తీసుకోకూడదు. పట్టుబట్టే కస్టమర్‌కు బుకింగ్ నిరాకరించాలి. ఈ కారణంతో రద్దయిన ట్రిప్‌కు డ్రైవర్ రేటింగ్, ఇన్సెంటివ్ తగ్గించకూడదు. యాప్‌లపై పనిచేసే గిగ్ కార్మికులకు సంబంధించిన చట్టంలో కస్టమర్ వివక్షపై ప్రత్యేక నిబంధన, ఫిర్యాదుకు గడువు పెట్టాలని రాష్ట్ర కార్మిక శాఖను కోరుతున్నాం.

ఇలాంటి ఫోన్ వస్తే సభ్యులు కోపంలో మాట తూలవద్దు. మెసేజ్ స్క్రీన్‌షాట్, కాల్ వచ్చిన సమయం, బుకింగ్ వివరాలు దాచి ఉంచి సంఘం ఆఫీసుకు పంపండి. శ్రీశైలం ట్రిప్ విషయంలో ఏజెన్సీకి వారం రోజుల గడువు ఇస్తున్నాం. ఆలోపు క్షమాపణ రాకపోతే మా సభ్యుడితో కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి 1955 చట్టం కింద ఫిర్యాదు చేస్తాం. ఆ ఏజెన్సీకి మా సభ్యులెవరూ బళ్లు పెట్టరు.

అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి
కార్యవర్గం తరఫున, క్యాబ్ డ్రైవర్ల సంఘం