కాలికి పట్టీ - మనసుకు తౌబా

ఖైదీ కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ తొడిగి, అతను ఎక్కడ తిరుగుతున్నదీ పోలీసులు తెరపై చూసే పద్ధతి మన దేశంలోనూ అడుగుపెట్టింది. కేంద్ర హోంశాఖ 2023లో రూపొందించిన నమూనా జైళ్ళ చట్టం, పట్టీ ధరించడానికి సమ్మతించే ఖైదీలకు సెలవు ఇవ్వవచ్చునన్నది. అదే ఏడాది నవంబరులో జమ్మూకాశ్మీర్ పోలీసులు బెయిలుపై విడుదలైన ఒక నిందితునికి ఈ పట్టీ వేశారు. దీన్ని మనం ఆహ్వానించాలా, అనుమానించాలా?

పట్టీ జైలుకు బదులుగా వస్తే ఆహ్వానించాలి. ఇప్పటికే బయట ఉన్నవానికి అదనపు సంకెలగా వస్తే వ్యతిరేకించాలి. ఇదీ మా అభిప్రాయం.

అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరిస్ రాష్ట్రంపై 2013లో వెలువడిన అధ్యయనం ఇందుకు ఆధారం. జైలులో గడిపి వచ్చినవారిలో సుమారు 22 శాతం మళ్ళీ నేరాలకు పట్టుబడగా, పట్టీతో ఇంట్లో ఉన్నవారిలో 13 శాతమే పట్టుబడ్డారు. జైలులో ముదిరిన నేరగాళ్ళ సావాసం తప్పింది, భార్యాబిడ్డలతో బంధం తెగలేదు.

మన జైళ్ళ సంగతి చూడండి. 2022 చివరినాటికి 5.73 లక్షల మంది ఖైదీలున్నారు. నూటికి 75 మంది ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలే. వారిలో ముస్లింల శాతం జనాభాలో మన శాతంకన్నా ఎక్కువ. జామీను ఇచ్చే దిక్కులేని పేదవానికి పట్టీ ఇంటిదారి చూపితే మంచిదే. కాని దాని ఖర్చు అతనిపై పడకూడదు. జుమా నమాజుకు, కూలిపనికి, ఆస్పత్రికి వెళ్ళే వీలుండాలి.

ఇతరుల గుట్టు కూపీ లాగవద్దని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆదేశించింది. బెయిలు పొందినవాని ప్రతి కదలికా పోలీసులు చూసేలా షరతు పెట్టడం చెల్లదని మన సుప్రీంకోర్టు కూడా 2024 జూలైలో తీర్పు చెప్పింది. అయితే బాధితుని భద్రత కోసం దోషిపై నిఘా అవసరమైతే దానికి గడువుండాలి, న్యాయస్థానం అనుమతి ఉండాలి.

మద్యం సేవించి పదేపదే శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించగా, దైవప్రవక్త (స) వారించారు. శిక్ష ఆగలేదు, కాని అతణ్ణి సమాజం నుంచి వెలివేయనివ్వలేదు. మరి మనమేం చేస్తున్నాం? జైలు నుంచి వచ్చినవానికి ఇల్లు అద్దెకివ్వం, పనివ్వం, మస్జిద్‌లో పక్కన నిలబడటానికి కూడా సంకోచిస్తాం. అతను ఎక్కడున్నాడో పట్టీ చెబుతుంది, అంతే. అతనికి పని చూపించాల్సింది మనం. ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లాలో అలాంటి ఒక్కరికైనా ఈ ఏడాది ఉపాధి చూపాలి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక!