తప్పు గొంతుది కాదు, క్లాకుది

నిరుడు వార్షికోత్సవంలో తమ్ముడి పాట వేస్తే గొంతు కీచుమంది, అందరం నవ్వాం. వాడు మళ్లీ మైకు పట్టలేదు. తప్పు వాడిది కాదు, మేం పాట వినిపించిన ప్రాజెక్టు బోర్డుది.

ఆడియో కోడెక్ చిప్పు సొంతంగా కాలం లెక్కపెట్టదు. క్రిస్టల్ నుంచి వచ్చే క్లాకే దానికి ఆధారం. 12.288 మెగాహెర్ట్జ్‌ను 256తో భాగిస్తే సెకనుకు 48,000 శాంపిళ్లు. పాట రికార్డయింది సీడీ లెక్కన, 44,100తో. దానికి 11.2896 మెగాహెర్ట్జ్ కావాలి. మా బోర్డులో ఉన్నది మొదటిదే! దాంతో పాట దాదాపు 9 శాతం వేగంగా పరుగెత్తింది, శ్రుతి హార్మోనియం మీద సుమారు ఒకటిన్నర మెట్టు పైకెక్కింది.

ఒకే క్రిస్టల్‌కు పీఎల్ఎల్ సర్క్యూటు కలిపి సర్దుకోవచ్చని కొందరంటారు. నిజమే గానీ, నా మటుకు రెండు క్రిస్టళ్లూ పెట్టడమే మేలు. ఈసారి సభలో తమ్ముడి పాట మళ్లీ వేయాలి, సరైన క్లాకు మీద.